థార్, జిమ్నీలకు సస్పెన్షన్ మార్చాలా? లక్షణం చూసి తేల్చుకోండి

రాళ్ల బాటలో బండి బాగా కొడుతోంది, రెండించుల లిఫ్ట్ (బండిని ఎత్తు లేపే కిట్) వేయిస్తే తగ్గుతుందా? తగ్గదు. లిఫ్ట్ పెంచేది ఎత్తును, మెత్తదనాన్ని కాదు. కొత్త స్ప్రింగులు గట్టివైతే ఇంకా ఎక్కువ కొడుతుంది. ముందు బండి ఎక్కడ కొడుతోందో, ఎందుకు కొడుతోందో పట్టుకోవాలి. ఖర్చు లేని పరీక్షలు మొదట, ఖర్చయ్యేవి తర్వాత.

ఒక తేడా మనసులో పెట్టుకోండి. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో ముందు చక్రాలు దేనికదే కదులుతాయి, వెనక మాత్రం రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒకటే యాక్సిల్ (ఇరుసు). మారుతీ జిమ్నీకి ముందూ వెనకా అలాంటి యాక్సిలే. కాబట్టి ఒక బండికి పనికొచ్చిన మందు రెండోదానికి పనికిరాకపోవచ్చు.

చిన్న రాయి తగిలినా నడుం అదురుతోంది

తొంభై పాళ్లు గాలి ఎక్కువై ఉంటుంది. డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకె తారు రోడ్డుకు. రాళ్ల బాట ఎక్కే ముందు 18–20 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) దించండి, ఇసుకలో అయితే ఇంకొంచెం. టైరు గోడ మెత్తబడి రాయి మీదుగా వంగుతుంది, పట్టూ పెరుగుతుంది. తక్కువ గాలితో వేగంగా వెళ్లకూడదు, ఒక్కసారిగా తిప్పకూడదు. లేకపోతే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి, కాబట్టి గాలి పంపు బండిలోనే ఉండాలి. గాలి తగ్గించాక కుదుపు పోయిందంటే మీకు కావలసింది లిఫ్ట్ కిట్ కాదు, గాలి కొలిచే మంచి గేజి.

గతుకు దాటాక కూడా బండి ఊగుతూనే ఉంది

ఇది షాకబ్జార్ల పని. బండి ఒక మూల మీద బరువేసి నొక్కి వదిలితే ఒక ఊపుతో ఆగాలి. అయితే గ్యాస్ షాక్‌లు సగం చచ్చినా ఈ పరీక్ష పాసవుతాయి. ఇంకా నమ్మదగిన పద్ధతి ఒకటుంది. గతుకుల దారిలో ఇరవై నిమిషాలు నడిపి, దిగి, ఒక్కో షాక్ గొట్టం దగ్గరికి చేతి వెనక వైపు తీసుకెళ్లండి. పట్టుకోవద్దు, కాలుతుంది. షాక్ చేసే పనే కదలికను వేడిగా మార్చడం. కాబట్టి ఎడమది వేడిగా ఉండి, కుడిది చల్లగా ఉంటే ఆ కుడిది పనిచేయడం లేదు.

గొట్టం మీద పల్చటి తేమ ఉంటే కంగారు పడక్కర్లేదు. నూనె కిందికి కారి దుమ్ముతో పేడలా గట్టిపడితే సీలు పోయినట్టే. ఒక్కటే మార్చకండి, ఒకే యాక్సిల్ మీది రెండూ మార్చాలి. కంపెనీ ఎత్తుకు సరిపోయే మంచి షాక్‌లు వేస్తే చాలామందికి కావలసిన మార్పు ఇక్కడే దొరుకుతుంది.

సామాను పెడితే వెనక కూర్చుంటోంది

టేపు తీసుకోండి. ఖాళీ బండిని సమనేల మీద ఆపి, చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు వరకు నాలుగు వైపులా కొలవండి. మామూలుగా తీసుకెళ్లేంత సామాను, మనుషులతో మళ్లీ కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడే ఎడమ కుడి మధ్య 12 మి.మీ. మించి తేడా ఉంటే స్ప్రింగ్ అలిసిపోయింది. రెండు వైపులా సమానంగా ఉండి, బరువేసినప్పుడే బాగా దిగితే స్ప్రింగ్ తప్పు లేదు, మీరు వేసే బరువుది.

ఇనుప బంపరు, విన్చి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) కలిసి ముందు వైపు సులువుగా 80 కిలోలు దాటతాయి. ఎప్పుడూ బండి మీదే ఉండే బరువుకు దానికి తగ్గ స్ప్రింగ్ కావాలి. అప్పుడు మార్చడం సబబే. ఏడాదికి రెండుసార్లు వేసే గుడారం కోసం గట్టి స్ప్రింగులు వేస్తే మిగతా రోజులన్నీ ఖాళీ బండిలో ఎగురుతూ తిరగాలి.

2020కి ముందటి సీఆర్‌డీఈ (డీజిల్ ఇంజిన్ రకం) థార్‌లో వెనక కమాన్ పట్టీలు, ముందు టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). పట్టీలో ఒకటి విరిగిందేమో, సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగిందేమో చూడండి. బార్ల బోల్టు తిప్పి ముందు భాగం లేపే చిట్కా బాగా వాడుకలో ఉంది. దానివల్ల స్ప్రింగ్ గట్టిపడదు, చక్రం కిందికి దిగే దూరం తగ్గుతుంది. హంపు దాటి చక్రం వేలాడగానే తడక్‌మని కొట్టే చప్పుడు అదే.

దబ్బుమని అడుగుకు కొడుతోంది

సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుపోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకు తగులుతోందా, లేక నేలే అడుగు భాగాన్ని కొడుతోందా? రెండూ లోపల కూర్చున్నవాళ్లకు ఒకేలా వినిపిస్తాయి. రబ్బరు కొనకు కాస్త గ్రీజు పూసి అదే గతుకు మీద నడపండి. ఎదుటి లోహానికి గ్రీజు అంటితే సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయిందని అర్థం. నెమ్మదిగా వెళ్లినా ప్రతిసారీ అంటుతుంటే షాకో స్ప్రింగో మార్చే కారణం దొరికినట్టే. వేగంగా దూకించినప్పుడు మాత్రమే అంటితే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే చాలు. గ్రీజు అలాగే ఉండి స్కిడ్ ప్లేటు (అడుగున కాపుగా ఉండే లోహపు పలక) మీద కొత్త గీతలుంటే సమస్య ఎత్తుది.

టకటక చప్పుడు

లింక్ రాడ్డు, స్టెబిలైజర్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు), ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, ఈ వరుసలో చూడండి. కొత్త బుష్ మూడు నెలలకే చిరిగిందంటే తరచూ బుష్‌ది తప్పు కాదు. బండిని షాపులోని లిఫ్టు మీద లేపి, చక్రాలు వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తారు. బండి దించగానే రబ్బరు మెలిపడి, అలా మెలిపడే తిరుగుతుంది. బోల్టును వదులుగా ఉంచి, బండిని నేల మీద దాని బరువు మీద నిలబెట్టాకే టార్క్ రెంచితో బిగించమనండి. పక్కన నిలబడి చూసుకోవలసిన పని ఇదొక్కటే.

70 దాటితే స్టీరింగ్ వణుకుతోంది

నల్లరేగడిలో తిరిగొచ్చారా? రిమ్ము లోపలి వైపు బురద ఎండి అంటుకుపోతుంది. పిడికెడు మట్టి చాలు బ్యాలెన్స్ చెడటానికి. బయట మెరిసేలా కడిగి లోపల వదిలేసిన బండ్లు అలైన్‌మెంట్ కోసం షాపుల చుట్టూ తిరుగుతుంటాయి. లోపల కడిగాక కూడా ఉంటే చక్రాల బ్యాలెన్సు చేయించండి. జిమ్నీలో ఆ తర్వాత కింగ్‌పిన్ (ముందు చక్రం తిరిగే కీలు) బేరింగులు, ముందు ఆర్మ్ బుష్‌లు చూడాలి. నేరుగా స్టీరింగ్ డాంపరు (స్టీరింగ్ కుదుపును అణిచే చిన్న షాక్) మారిస్తే వణుకు దాక్కుంటుంది, పోదు.

అడుగు తగిలి బండి ఇరుక్కుంటోంది

ఏ భాగం తగిలిందో గీతలు చూస్తే తెలుస్తుంది. ఛాసీ మధ్య భాగమో, సైడు స్టెప్పులో అయితే లిఫ్ట్ పనికొస్తుంది (ముందు స్టెప్పులు ఊడదీసి చూడండి, అది ఉచితం). డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్ మధ్యలో గేర్లుండే ఉబ్బు) తగులుతుంటే ఎంత లిఫ్ట్ వేసినా అది మిల్లీమీటరు కూడా లేవదు, ఎందుకంటే యాక్సిల్ కూర్చునేది టైర్ల మీద. జిమ్నీ 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మి.మీ. 215/75 వేస్తే గుండు లేచేది 5 మి.మీ. 235/75 వేస్తే 20 మి.మీ. కానీ అప్పుడు స్పీడోమీటరు 100 చూపిస్తుంటే బండి దాదాపు 106లో పోతుంటుంది. చక్రం గాల్లో లేచి తిరుగుతుంటే అది పట్టు సమస్య, ఎత్తు సమస్య కాదు. జిమ్నీలో 4ఎల్ (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే తక్కువ గేరు) వేసి, యాక్సిలరేటరు మీంచి కాలు తీయకుండా నిలకడగా ఇస్తే బ్రేకులే ఆ చక్రాన్ని పట్టి, శక్తిని రెండోదానికి పంపుతాయి.

ఇంతా చూశాక లిఫ్ట్ కావాలనే తేలితే

థార్‌లో 40–50 మి.మీ. దాటకండి. ముందు డ్రైవ్‌షాఫ్టులు వంకరగా పనిచేసి సీవీ బూట్లు (షాఫ్టు కీళ్ల మీది రబ్బరు తొడుగులు) చిరుగుతాయి, గ్రీజు రిమ్ముకు కొడుతుంది. స్ట్రట్ పైన పెట్టే స్పేసర్లు చవకే, కానీ ప్రయాణ దూరం పెంచవు, బాల్ జాయింటును దాని హద్దుకు లాగుతాయి. జిమ్నీలో 50 మి.మీ. లేపితే క్యాస్టర్ (స్టీరింగును నిటారుగా నిలిపే చక్రపు వాలు) రెండు మూడు డిగ్రీలు తగ్గి స్టీరింగ్ దారి వెతుక్కుంటుంది. దానికి క్యాస్టర్ దిద్దే బుష్‌లు కావాలి. పానార్డ్ రాడ్డు (యాక్సిల్‌ను ఛాసీకి అడ్డంగా కలిపే కడ్డీ) యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది. ఫెండరు నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి రెండు వైపులా టైరు గోడకు దూరం కొలిస్తే ఎంత జరిగిందో కనబడుతుంది. అడ్జస్టబుల్ రాడ్డు, పొడుగు బ్రేకు గొట్టాలు కిట్‌లో ఉన్నాయా అని డబ్బు కట్టకముందే అడగండి.

కాగితాల సంగతి: ఆర్సీలోని వివరాలకు, కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. వారంటీ, బీమా ఏమంటాయో రాతపూర్వకంగా తెచ్చుకోండి.

బిగించిన రోజే అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్ల వెలుగు కిందికి పడేలా దింపాలి. 500 కిలోమీటర్లకు స్ప్రింగులు సర్దుకుంటాయి. అప్పుడు మళ్లీ టేపుతో నాలుగు మూలలూ కొలిచి, ప్రతి బోల్టుకూ టార్క్ చూసి, అలైన్‌మెంట్ రెండోసారి చేయించండి. ఆ రెండోసారి ఖర్చు మొదటి లెక్కలోనే వేసుకోండి.