ఎండాకాలంలో హెచ్‌పీఎల్‌సీ ప్రెజర్ ఊగుతుంటే: గాలి ఎక్కడిదో చూసి డీగ్యాసింగ్ (సాల్వెంట్‌లో కరిగిన గాలిని తీసేయడం) ఎంచుకోండి

సమస్య: భీమవరం వైపు హెచ్‌పీఎల్‌సీతో (పంపుతో సాల్వెంట్‌ని ఎక్కువ ప్రెజర్‌లో నడిపి పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూసేవాళ్లకి ఏప్రిల్, మే వచ్చాయంటే ఈ టెన్షన్ తెలిసిందే. పంపు స్ట్రోకుతో పాటే ప్రెజర్ ఊగుతుంది, రిటెన్షన్ టైమ్ (పదార్థం బయటికి వచ్చే సమయం) జరుగుతుంది, బేస్‌లైన్ (ఏ పదార్థమూ రానప్పుడు డిటెక్టర్ గీసే గీత) మీద స్పైకులు లేస్తాయి.

కారణం ఎలా పట్టుకోవాలి: సక్షన్ ట్యూబ్‌ని (బాటిల్ నుంచి పంపుకి సాల్వెంట్ తెచ్చే గొట్టం) పంపు దగ్గర విప్పి, ఆ కొసని బాటిల్ మట్టం కన్నా కిందికి దించండి. సాల్వెంట్ ధారగా కారాలి. చుక్కలుగా వస్తే బాటిల్లోని ఫిల్టర్ మూసుకుపోయినట్టే. పంపు గట్టిగా లాగేసరికి కరిగిన గాలి బుడగలవుతుంది. అప్పుడు మార్చాల్సింది ఫిల్టర్‌ని. నిల్వ బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) పెరిగే బ్యాక్టీరియా వల్లే తరచూ ఇలా అవుతుంది, కాబట్టి ఏ రోజు బఫర్ ఆ రోజే చేసుకోండి.

ధార బాగుంటే మెథనాల్, నీళ్లు ముందే కలిపి ఒకే లైన్లో నడపండి. ఊగడం ఆగిందా, కారణం మిక్సింగే. విడివిడిగా పట్టి ఉంచిన గాలినంతా కలిశాక పట్టి ఉంచలేవు. లో ప్రెజర్ గ్రేడియంట్‌లో కలయిక పంపుకి ముందే జరుగుతుంది, బుడగలు నేరుగా పంపు హెడ్‌లోకి పోతాయి. ఆగకపోతే చెక్ వాల్వ్ (ద్రవాన్ని ఒకవైపే పోనిచ్చేది), లూజు కనెక్షన్లు చూడాలి.

పరిష్కారం: సాల్వెంట్‌ని సోనికేటర్లో (ధ్వని తరంగాలతో కుదిపే పరికరం) కాసేపు పెట్టి సరిపెట్టే అలవాటు మానాలని గట్టిగా చెబుతాను. అదొక్కటే అయితే కరిగిన గాలిలో సుమారు 30 శాతమే పోతుంది. వాక్యూమ్‌తో 60-70, హీలియం వాయువుని సాల్వెంట్‌లోకి బుడగలుగా పంపితే 80 శాతం దాకా పోతుంది. పైగా సోనికేటర్లో వేడెక్కిన సాల్వెంట్ చల్లారుతూ మళ్లీ గాలి పీల్చుకుంటుంది.

మామూలు ల్యాబుకి 0.45 మైక్రాన్ ఫిల్టర్ మీద వాక్యూమ్‌తో వడగట్టడం, ఆపైన ఇన్‌లైన్ డీగ్యాసర్ (పంపుకి పోయే దారిలోనే వాక్యూమ్‌తో గాలి తీసేది) చాలు. విడిగా వడగట్టి తర్వాత కొలిచి కలపండి. కలిపాక వాక్యూమ్ పెడితే మెథనాల్ ముందు ఆవిరై నిష్పత్తి మారుతుంది. అసిటోనైట్రైల్ నీళ్లలో కలిపితే చల్లబడుతుంది, రూమ్ టెంపరేచర్‌కి వచ్చాకే వాడండి. కరెంటు పోయి వస్తే డీగ్యాసర్ వాక్యూమ్ నిలబడేదాకా ఆగి, లైన్లు పర్జ్ చేయండి (లోపలి పాత సాల్వెంట్‌ని కొత్తదానితో బయటికి తోసేయండి).

హీలియం ఖర్చు ఎప్పుడు పెట్టాలి? టెట్రాసైక్లిన్లను 360 నానోమీటర్ల దగ్గర చూస్తే అవసరం లేదు. 200-210 నానోమీటర్ల దగ్గర మాత్రం కరిగిన ఆక్సిజనే బేస్‌లైన్‌ని జరుపుతుంది, ఫ్లోరసెన్స్‌లో కొన్ని పదార్థాల వెలుగుని తగ్గిస్తుంది. అక్కడ పెట్టొచ్చు.

ప్రెజర్ నిలకడగా ఉండి స్పైకులే వస్తుంటే బుడగ డిటెక్టర్ సెల్‌లో ఏర్పడుతోంది. సెల్ తట్టుకునే పరిమితి చూసుకుని, దాని తర్వాత బ్యాక్ ప్రెజర్ రెగ్యులేటర్ (సెల్‌లో కొంత ప్రెజర్ నిలిపి ఉంచేది) బిగించండి.