రోజూ పోస్టులు పెడుతున్నా బేరాలు లేవా? తేడా ఎక్కడుందో ఇలా చూసుకోండి

నాది విజయనగరంలో చిన్న డిజైనింగ్ షాపు. ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు చేస్తుంటాం. ఈమధ్య ఫ్లెక్సీ పనికని వచ్చినవాళ్ళు, పని అయ్యాక ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టి "గురూ, రోజూ ఏదో ఒకటి పెడుతూనే ఉన్నాను, ఒక్కడూ రావట్లేదు, ఏటయిందో చూడు" అంటున్నారు. బండి స్టార్ట్ అవ్వకపోతే మెకానిక్ ముందు పెట్రోలు ఉందా అని చూస్తాడు, తర్వాత ప్లగ్ ఊడదీస్తాడు, ఇంజన్ జోలికి ఆఖర్న వెళ్తాడు. నేనూ ఫోన్‌ని అలాగే చూస్తాను.

"స్టేటస్ పెడితే చూసేది మా బావమరదే"

ఇది పెట్రోలు లేని కేసు. వాట్సాప్‌లో మీ స్టేటస్ అవతలివాళ్ళకి కనపడాలంటే మీ దగ్గర వాళ్ళ నంబరు, వాళ్ళ దగ్గర మీ నంబరు, రెండూ సేవ్ అయి ఉండాలి. బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్‌ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపడం, అదీ అంతే, ఒక లిస్టులో 256 మందిని ఎక్కించొచ్చు కానీ మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్ళకి మెసేజ్ చేరదు. మీ నంబరు సేవ్ చేసుకున్నది చుట్టాలూ స్నేహితులే అయినప్పుడు చూసేదీ వాళ్ళే కదా.

బిల్లు ఇచ్చేటప్పుడు "నంబరు సేవ్ చేసుకోండి" అని ఊరికే అంటే ఎవరూ చేసుకోరు. చేసుకుంటే వాళ్ళకేం ఒరుగుతుందో చెప్పాలి. మందస కోవా అమ్మే ఆయనైతే "సాయంత్రం వేడివేడిగా దిగగానే స్టేటస్ పెడతానండీ, సేవ్ చేసుకోండి" అనొచ్చు. బ్లౌజులు కుట్టే ఆవిడ "మీది రెడీ అవగానే ఫొటో పంపిస్తాను" అనొచ్చు. ఇక రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మ మీద శుభోదయం పెట్టడం మానేయండి, అది చూసి మ్యూట్ చేసినవాళ్ళు తర్వాత మీ కోవా ఫొటో కూడా చూడరు.

"రేటెంత అని అడుగుతారు, చెప్పగానే మాయం"

నా దగ్గరికొచ్చేవాటిలో ఎక్కువ కేసులు ఇవే. చాలామంది పోస్టులో రేటు వెయ్యరు, "వివరాలకు ఇన్‌బాక్స్" అంటారు. రేటు దాస్తే ఆసక్తి పెరుగుతుందని వాళ్ళ లెక్క. చూసేవాడికి మాత్రం అడిగితే వెంటపడతారేమో అని భయం. సరే, ధైర్యం చేసి అడిగాడే అనుకోండి, మీరు చెప్పిన అంకె ఎందుకంత ఉందో అతనికి అర్థం కాదు, అంతకన్నా తక్కువకి ఇంకెక్కడో చూసి ఉంటాడు, మాట్లాడకుండా వెళ్ళిపోతాడు.

కాశీబుగ్గలో జీడిపప్పు అమ్మే మా పిన్నిదీ ఇదే గొడవ. "ఏటి బాబూ, ఇంత రేటేటి, అక్కడ తక్కువకిస్తన్నాడు" అని ఫోనులో రోజుకి నలుగురైనా అనేవాళ్ళు. పిన్ని నోరు నొప్పెట్టేలా ప్రతివాళ్ళకీ అదే చెప్పేది: పప్పులో నంబర్లుంటాయి, 240 అంటే ఒక పౌండుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 220 నుంచి 240 గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగుతాయి, 320 అంటే 300 నుంచి 320, నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది, రేటు తక్కువ, బద్ద అయితే ఇంకా తక్కువ. నేను విని "ఇదే వీడియో తీద్దాం పిన్నీ" అన్నాను. రెండు స్టీలు పళ్ళాలు పెట్టాం. ఒకదాన్లో 240 రకం వంద గ్రాములు, ఇంకోదాన్లో 320 రకం వంద గ్రాములు. పిన్ని ఒక్కొక్క గుండూ పక్కకి జరుపుతూ లెక్కపెట్టింది, మొదటి పళ్ళెంలో యాభై దగ్గర ఆగింది, రెండోదాన్లో డెబ్బై దాకా పోయింది. మధ్యలో లెక్క తప్పి "ఆగండ్రా" అని మళ్ళీ మొదలెట్టిన ముక్క కూడా కట్ చెయ్యలేదు. కింద రెండు రకాల రేట్లూ, పాయసానికైతే బద్ద చాలు, ఎవరికైనా పెట్టడానికైతే 240 తీసుకోండి అన్న మాటా రాశాం. ఇప్పుడు ఎవరైనా రేటు గురించి అడిగితే పిన్ని నోరు నొప్పెట్టించుకోదు, ఆ వీడియో పంపిస్తుంది. "బద్ద చాలు" అని అమ్మేవాళ్ళే చెప్పడం చూసి నమ్మకం కుదిరి గుండుపప్పు అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

మీది జీడిపప్పు కాకపోయినా ఇదే పద్ధతి. కౌంటర్ దగ్గర మీరు విసిగిపోయేంతగా చెప్పే మాట ఏదో ఒకటి ఉంటుంది. ముందు దాన్ని పెట్టండి.

"వ్యూస్ బోలెడు, కొన్నవాళ్ళు లేరు"

ఈ తప్పు నేనే చేశాను కాబట్టి గట్టిగా చెప్పగలను. పొందూరు ఖద్దరు అమ్మే ఒకాయనకి రీల్ తీసిపెట్టాను. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వడం, రాట్నం, నేత, వెనకాల అప్పట్లో అందరూ వాడుతున్న పాట. బాగా తిరిగింది. కామెంట్లన్నీ "సూపర్", "వావ్". ఫోన్ మాత్రం మోగలేదు. ఇన్‌సైట్స్ తెరిచి ఏ ఊళ్ళవాళ్ళు చూశారో చూస్తే శ్రీకాకుళం కనపడలేదు, విశాఖ కనపడలేదు, ఎక్కడెక్కడో పాట కోసం చూసినవాళ్ళు.

చేప దవడ చూపించడం తప్పు కాదు, అది చూపించకపోతే పొందూరే కాదు. పంచె కొనాలనుకునేవాడికి కావలసింది అందులో లేకపోవడమే తప్పు: పొడవెంత, గంజి పెట్టాలా, ఎంత, కొరియర్ చేస్తారా, షాపుకి రావాలంటే ఎలా రావాలి. మొదటి మూడు సెకన్లలో ఊరి పేరు వచ్చేలా, చివర్లో రేటూ నంబరూ వచ్చేలా మళ్ళీ కట్ చేశాం. వ్యూస్ తగ్గాయి, అడిగేవాళ్ళు వచ్చారు. ఆయన మొదట్లో వ్యూస్ తగ్గాయని బాధపడ్డాడు, ఆ సరదా అంత తొందరగా పోదు లెండి.

మన ఊరివాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది. ఇంగ్లిష్‌లో హ్యాష్‌ట్యాగ్ రాసేటప్పుడు మన విజయనగరానికి 'జెడ్' ఉంటుంది. 'జె' పెట్టారంటే హంపీ వైపుకి పోతారు, 2021లో కర్ణాటకలో ఆ పేరుతో జిల్లా కూడా వచ్చింది. తెలుగులో రాస్తే రెండింటికీ స్పెల్లింగ్ ఒకటే కాబట్టి పక్కన గంటస్తంభమో, కోట జంక్షనో, మీ వీధో రాయండి.

"బూస్ట్‌కి డబ్బులు పెట్టాను, నీళ్ళలో పోసినట్టయింది"

బూస్ట్ అంటే డబ్బులు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించడం. అది పెట్టేటప్పుడు ముందు లొకేషన్ చూడండి. సగం కేసుల్లో రాష్ట్రమంతా ఎంచుకుని ఉంటుంది. రాజాంలో టిఫిన్ సెంటరుకి తిరుపతివాడు లైక్ కొడితే ఏం లాభం? షాపు మీద పిన్ పెట్టి చుట్టూ పది, ఇరవై కిలోమీటర్లు చాలు, గోల్ దగ్గర మెసేజ్‌లు ఎంచుకోండి. ఊరికే పెట్టినప్పుడు ఎవరూ పట్టించుకోని పోస్టుని డబ్బులిచ్చి బూస్ట్ చెయ్యకండి.

"ఎంత బాగా రాసినా ఎవరూ చదవట్లేదు"

"మా వద్ద అన్ని రకముల వస్త్రములు సరసమైన ధరలకు లభించును." ఇరవై ఏళ్ళుగా నేనే ఇలాంటివి ఫ్లెక్సీల మీద కొట్టాను, క్షమించండి. కౌంటర్ దగ్గర మీరు అలా మాట్లాడరు కదా. ఎదుటివాళ్ళతో ఎలా అంటారో ఫోన్‌లో రికార్డు చేసుకుని అదే రాయండి.

"పండగకి పెట్టాను, అయినా రాలేదు"

పండగ నాడు పెట్టి ఉంటారు. సిరిమానోత్సవం దసరా వెళ్ళిన తర్వాత వచ్చే మంగళవారం, ఆ రోజు పైడితల్లి అమ్మవారి గుడి చుట్టుపక్కల కాలు పెట్టే సందుండదు, ఎవడూ ఫోన్ చూడడు. వారం ముందే షాపు ఎన్ని గంటలదాకా తెరుస్తారో, బండి ఎక్కడ పెట్టుకోవచ్చో చెప్పండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పండగ టైమింగ్స్ వేరేగా పెట్టుకోవచ్చు, ఫ్రీ.

సంక్రాంతి అయితే మరీ. మనవాళ్ళు సగంమంది హైదరాబాదులోనో, చెన్నైలోనో ఉంటారు, పండక్కి వస్తారు, తిరుగు రైలెక్కేటప్పుడు సంచి నింపుకుంటారు. వాళ్ళకి పోస్టు డిసెంబరులోనే కనపడాలి, అదీ డ్యూటీ దిగి తిని పడుకునే టైముకి. "పదహారో తారీఖు సాయంత్రానికి ప్యాక్ చేసి ఉంచుతాం, స్టేషనుకి వెళ్తూ తీసుకోండి" అని పెట్టి చూడండి.

"పది రోజులు పెట్టాను, తర్వాత ఏం పెట్టాలో తోచలేదు"

కౌంటర్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. కొనేవాళ్ళు అడిగిన ప్రశ్నని వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, సరిదిద్దకండి. ఖద్దరాయన పుస్తకంలో ఉన్న ప్రశ్నలు ఇవి: "ఇది మిషన్‌లో వెయ్యొచ్చా?", "నిజంగా చేత్తో నేసిందేనా, ఎలగ తెలుస్తాది?", "మా నాయనకి పెట్టాల, పెద్దాయన, గరుగ్గా ఉంటాదా?", "ఉతికితే పొట్టయిపోద్దా?" ఆఖరిదానికి జవాబుగా వీడియో తీశాం, పాట కూడా పెట్టలేదు. ఉతక్కముందు పంచె నేల మీద పరిచి టేపుతో కొలిచాం, ఉతికి ఆరాక అదే చోట పరిచి మళ్ళీ కొలిచాం, ఎంత తగ్గిందో అంతా టేపు మీద కనపడింది. దాన్నే ఆయన ఇప్పటికీ అడిగినవాళ్ళందరికీ పంపిస్తున్నాడు.