ఇస్తాంబుల్ ఖత్తాత్‌ల దారిలో అరబిక్ లిపి రాయడం ఎలా నేర్చుకోవాలి?

కాగితం, దస్తూరి, కలంకారీ. ఈ మూడు మాటలూ పారసీ దారిన మన భాషలోకి వచ్చినవే. రోజూ వాడుకునే ఆ దస్తూరిని ఒక జీవితకాలపు సాధనగా చేసుకున్నవాళ్ళని ఖత్తాత్‌లు అంటారు. ఖురాన్ మక్కాలో అవతరించింది, కైరోలో పఠించారు, ఇస్తాంబుల్‌లో రాశారు అని ఒక నానుడి ఉంది. ఆ ఇస్తాంబుల్ పద్ధతిలో మొదటి పాఠం దాకా ఎలా వెళ్ళాలో ఇక్కడ చెబుతాను. అరబిక్ రాకపోయినా మొదలుపెట్టవచ్చు. అక్షరాలు గుర్తుపట్టడం మాత్రం ముందే నేర్చుకోండి.

ముందు లిపి ఎంచుకోండి

హైదరాబాద్‌లో ఉర్దూ బోర్డుల మీద, పెళ్ళి కార్డుల మీద ఎక్కువగా కనిపించేది ఒరిగినట్టుండే నస్తాలీఖ్. ఇస్తాంబుల్ శిష్యులు సాధారణంగా సులుస్, నస్ఖ్ లిపులతో మొదలుపెడతారు. సులుస్ పెద్దది, మసీదు గోడల మీద రాసేది. నస్ఖ్ చిన్నది, పుస్తకాలకు వాడేది. సులుస్‌తో మొదలుపెట్టమని నా సలహా. అక్షరం పెద్దది కాబట్టి తప్పు వెంటనే కనిపిస్తుంది.

కలం చెక్కడం

మన కొల్లేటి కిక్కిసను పోలిన గట్టి రెల్లు కావాలి. ఇరాన్‌లోని దెజ్ఫూల్ రెల్లుకి పాతకాలం నుంచీ పేరుంది. గోధుమ రంగుకి తిరిగి బాగా ఎండినది తీసుకోండి. పచ్చిది పనికిరాదు. పదునైన చాకుతో చివరను ఏటవాలుగా పొడుగ్గా కోసి, లోపలి మెత్తటి గుజ్జు గీకేయండి. రెండు పక్కలా సన్నం చేసి, పాళీ వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు ఉండేలా చూడండి. మధ్యలో నిలువుగా సన్నని చీలిక పెట్టండి, సిరా దిగేది దాని గుండానే. ఆఖరున కలాన్ని ఎముకతో చేసిన మక్తా అనే చిన్న పలక మీద పెట్టి, కొసను ఒక్క నొక్కుతో వాలుగా తెంచాలి. రెండోసారి నొక్కితే అంచు చిరుగుతుంది.

ఆ వాలు చిన్న విషయం కాదు. బాగ్దాద్‌కి చెందిన యాకూత్ అల్ ముస్తాసిమీ (మరణం 1298) పాళీని మరింత వాలుగా కోయడం వల్లే అక్షరంలో సన్నం, లావు అంత సొగసుగా వచ్చాయంటారు. కోత రాకపోతే కంగారు పడకండి. ఉస్తాద్ చెక్కిన కలం ఒకటి పక్కన పెట్టుకుని, దాని వాలును చూస్తూ పది కలాలు పాడుచేయండి. చెక్కినప్పుడు రాలిన పొట్టును కూడా దాచి, తాము పోయాక స్నానం చేయించే నీళ్ళు దానితో కాచమని చెప్పిన ఖత్తాత్‌ల కథలు ఉన్నాయి. కలం అంటే వాళ్ళకి అంత గౌరవం.

సిరా

ఇది మనకి తెలిసిన పనే. ఇంట్లో దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టినట్టు మసి పట్టాలి. దానికి నీళ్ళలో నానబెట్టిన తుమ్మ జిగురు కలిపి రోట్లో నూరాలి. గంట నూరితే చాలదు, రోజుల తరబడి నూరాలి. ఇస్తాంబుల్‌లోని సులేమానియా మసీదులో నూనె దీపాల పొగ ఒక గదిలోకి చేరేలా ఒట్టోమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టాడనీ, ఆ మసితోనే సిరా చేసేవారనీ చెబుతారు.

సిరా బుడ్డిలో కొంచెం పట్టుపీచు ఉంచండి. కలం దాన్ని తాకితే కావలసినంతే సిరా అంటుకుంటుంది, పాళీ అడుగుకి తగిలి దెబ్బతినదు. ఈ సిరా తడి తగిలితే కరిగిపోతుంది. అందుకే తప్పు రాస్తే నాలుకతోనే తుడిచేసేవారు. టర్కిష్‌లో చదువుకున్న మనిషిని ఇప్పటికీ 'సిరా నాకినవాడు' అంటారు.

కాగితం

మామూలు కాగితం సిరాను పీల్చేస్తుంది. కాబట్టి దానికి పూత కావాలి. గుడ్డు తెల్లసొనలో పటిక ముక్క తిప్పుతూ ఉంటే నురగ వచ్చి, కాసేపటికి అడుగున నీళ్ళలా తేరుతుంది. దాన్ని వడగట్టి కాగితానికి పూసి ఆరనివ్వండి. తర్వాత చెకుముకి రాయితో గాని, నున్నటి గాజుతో గాని రుద్ది మెరుగు పెట్టండి. ఇలా తయారైన కాగితాన్ని కనీసం ఏడాది పక్కన పెట్టాకే వాడతారు. నేర్చుకునేటప్పుడు ఇదంతా అక్కర్లేదు, షాపులో దొరికే నున్నటి ఆర్ట్ పేపర్ సరిపోతుంది.

చుక్క

ఇప్పుడు కలం ముంచి ఒక్క చుక్క పెట్టండి. పాళీ వెడల్పంత పొడవున లాగితే వజ్రం ఆకారంలో వస్తుంది. అక్షరాలన్నిటికీ కొలబద్ద ఇదే. సులుస్‌లో అలిఫ్, అంటే నిలువు గీతలా ఉండే మొదటి అక్షరం, ఎత్తు సుమారు ఏడు చుక్కలు. గిన్నెలాంటి అక్షరం లోతు ఎంత, మెడ ఎంత ఒంగాలి, అన్నీ చుక్కలతోనే లెక్క. కలం మారితే చుక్క మారుతుంది, దాంతో పాటే అక్షరమంతా పెరుగుతుంది.

ఈ లెక్కను నిలబెట్టినవాడిగా ఇబ్న్ ముఖ్లా (886–940) పేరు చెబుతారు. అబ్బాసీ ఖలీఫాల దగ్గర మూడుసార్లు వజీరు అయ్యాడు. రాజకీయాల్లో శత్రువులు పెరిగి కుడిచేయి నరికించుకున్నాడు, చివరికి జైలులోనే చనిపోయాడు. తెగిన చేతికి కలం కట్టుకుని రాశాడని అంటారు. ఆయన వజీరు పదవి ఎవరికీ పట్టదు గాని, ఆ చుక్కల లెక్క ఇవాళ్టికీ ప్రతి శిష్యుడి కాగితం మీదా ఉంది.

రోజుకి ఓ అరగంట చుక్కలూ అలిఫ్‌లే పెట్టండి. ఇది విసుగనిపిస్తే ఆగండి గాని, దాటవేయకండి.

మొదటి పాఠం

శిష్యుడికి మొదట ఇచ్చేది అక్షరమాల కాదు, ఒక ప్రార్థన: 'రబ్బి యస్సిర్ వలా తుఅస్సిర్, రబ్బి తమ్మిమ్ బిల్‌ఖైర్.' ప్రభూ, సులువు చెయ్యి, కష్టం చెయ్యకు, మంచిగా ముగించు అని అర్థం. శిష్యుడు దాన్ని వారమంతా రాసి తీసుకెళ్తాడు. ఉస్తాద్ తప్పిన అక్షరం కిందే సరైనది రాసి చూపిస్తాడు. మళ్ళీ అదే పాఠం. కొందరు ఈ ఒక్క వాక్యం దగ్గరే నెలల తరబడి ఉండిపోతారు. అది దాటాక విడి అక్షరాలు, తర్వాత జంటలు, ఆపైన వాక్యాలు.

వీడియోలు చూసి నేర్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కలం పట్టు, సిరా పాళ్ళు తెలుస్తాయి. మీ అలిఫ్ ఎక్కడ ఒరిగిందో మాత్రం ఎదుట కూర్చున్న మనిషే చెప్పాలి. టర్కీలోని అమాస్యాలో గవర్నరుగా ఉండగా ఖత్తాత్ షేక్ హమ్దుల్లా (మరణం 1520) దగ్గర నేర్చుకున్న ఒట్టోమన్ రాజకుమారుడు బయజీద్, సుల్తాన్ అయ్యాక కూడా గురువు రాస్తుంటే సిరా బుడ్డి పట్టుకునేవాడని చెబుతారు.

సంతకం ఎప్పుడు?

ఇప్పుడే కాదు. ఏళ్ళ తర్వాత, పాత ఉస్తాద్ రాసిన ఒక రచనను చూసి రాయమంటారు. చాలాసార్లు అది హిల్యే, అంటే ప్రవక్త రూపాన్ని బొమ్మతో కాకుండా మాటల్లో వర్ణించే పలక. దానికి స్థిరమైన అమరిక ఇచ్చింది హాఫిజ్ ఉస్మాన్ (1642–1698). అది మెప్పిస్తే ఉస్తాద్‌లు దాని కిందే అనుమతి రాసి సంతకం చేస్తారు. అదే ఇజాజత్. అప్పటినుంచే శిష్యుడు 'కతబహు', అంటే 'ఇది రాసింది' అని తన పేరు పెట్టుకోవచ్చు.

ఈలోగా చూడటం నేర్చుకోండి. ఇస్తాంబుల్ వెళ్తే అయా సోఫియాలో కజస్కర్ ముస్తఫా ఇజ్జెత్ (1801–1876) రాసిన ఎనిమిది గుండ్రటి పలకలు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు ఏడున్నర మీటర్ల వ్యాసం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కుతుబ్ షాహీ సమాధుల దగ్గరికి వెళ్ళండి. నల్లరాతి సమాధుల మీద అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. ఎండ పక్కనుంచి పడే ఉదయం వేళ అంచులు బాగా తెలుస్తాయి. ఒక్క అలిఫ్‌ను ఎంచుకోండి, పక్కనే ఉన్న చుక్కతో దాని ఎత్తును లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి.