గొర్రెల బీడులో గడ్డి, స్టైలో కలిపి పెంచడం ఎలా?

ఒక్క రకం గడ్డే చల్లి, రెండేళ్లకు బీడు పలచబడిందని మొత్తుకునేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. చల్క నేలలో అంజన్ గడ్డి, స్టైలో హమాటా కలిపే వేయాలి. స్టైలో పప్పుజాతి. దాని వేరుబుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది, కొన్నాళ్లకు అది పక్కనున్న గడ్డికీ అందుతుంది.

ఎకరాకు రెండేసి కిలోల విత్తనం, ఇసుక, ఒక ముళ్లకంప చాలు. తొలకరికి ముందే రెండుసార్లు దున్ని పెట్టుకోండి. మంచి వాన పడగానే విత్తడమే.

చాలామంది చెడగొట్టేది స్టైలో విత్తనాన్ని. దాని పైపొర గట్టిది, నీళ్లు దిగవు. ఉన్నదున్నట్టు చల్లితే చాలావరకు మొలవదు. నీళ్లు మరిగించి దించండి. కాస్త చల్లారి 80 డిగ్రీలకు వచ్చాక విత్తనాన్ని గుడ్డలో వదులుగా మూటగట్టి నాలుగు నిమిషాలు ముంచండి. గడియారం చూస్తూనే ఉండాలి. పొయ్యి మీదే ఉంచారో, మిగిలేది గుగ్గిళ్లే. ఫోన్ మాట్లాడుతూ రెండు కిలోలు నేనే అలా పాడుచేశాను. తీయగానే చల్లటి నీళ్లలో వేసి, రాత్రంతా నాననిచ్చి, నీడలో ఆరబెట్టండి.

ఇంత చేశాక లోతుగా పూడ్చారంటే శ్రమంతా దండగ. సెంటీమీటరు మించి మట్టి పడకూడదు. ఇసుకలో కలిపి చల్లి, పైన కంప ఈడిస్తే సరిపోతుంది. విత్తాక రోటవేటర్ తిప్పేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

అంజన్ విత్తనం నూగు వల్ల ఒకదానికొకటి అంటుకుంటుంది, తడి ఇసుకతో కలిపి చల్లండి. అప్పుడే కోసిన విత్తనం సరిగా మొలవదు, కనీసం ఆరు నెలల పాతది తీసుకోండి.

యూరియా వేయొద్దు. గడ్డి ఎగబడి స్టైలోకు ఎండ తగలనివ్వదు. "ఇంత తంటా ఎందుకు బావా, గడ్డి వేసి యూరియా చల్లితే పోలా?" అంటాడు మా బావమరిది. అమెరికాలో మినెసోటాలోని సీడార్ క్రీక్‌లో 1994లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని మడుల్లో ఒక్క రకమే, కొన్నింటిలో 16 రకాల దాకా కలిపి వేశారు. ఎరువు వేయలేదు. కొన్నేళ్లకు 16 రకాల మడుల్లో మొక్కల బరువు ఒంటి రకం మడులకు 2.7 రెట్లు వచ్చింది. పప్పుజాతి, గడ్డిజాతి పక్కపక్కనే ఉండటం అందుకు పెద్ద కారణం.

మొదటి ఏడాది గొర్రెలను లోపలికి రానివ్వకండి. స్టైలో గింజ రాలాక కోసి వేయండి, రాలిన గింజే మళ్లీ తొలకరికి మొలుస్తుంది.