ఆషాఢం లోపు ఇల్లు కొనేస్తున్నారా? అడ్వాన్సు ఇచ్చేముందు ఇంజనీరుకు చూపించండి

విజయవాడ, గుంటూరుల్లో ఇళ్ల బేరాలకు ఒక సీజన్ ఉంది. పిల్లల పరీక్షలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో ఇళ్లు చూస్తారు. ఆషాఢం వచ్చేలోపు రిజిస్ట్రేషన్ అయిపోవాలి, శ్రావణంలో పాలు పొంగించాలి. అంటే గోడలన్నీ ఎండిపోయి ఉన్న రోజుల్లో ఇల్లు చూసి, వానలు ముదిరాక అందులో దిగుతాం. నేనూ అలాగే దిగాను.

గుంటూరులో 12 ఏళ్ల పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. మేలో చూశాం. కొత్త పెయింటు వాసన ఇంకా పోలేదు. బాత్రూముల్లో కూడా తెల్లటి ఫాల్స్ సీలింగ్ వేయించి ఉంది, మా ఆవిడకు అదే బాగా నచ్చింది. సిద్ధాంతి గారు వచ్చి ఆగ్నేయం, ఈశాన్యం చూశారు. లాయరు గారు లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) చదివి సంతకం పెట్టారు. బ్యాంకు వాల్యూయర్ టేపుతో కొలిచి, నాలుగు ఫొటోలు తీసుకుని పావుగంటలో వెళ్లిపోయాడు. ఇంతమంది చూశారు కదా, ఇంకేం ఉంటుంది అనుకున్నాం.

గృహప్రవేశమైన నాలుగో రోజు గీజరు మీద చుక్కలు పడటం మొదలైంది. వారానికి స్విచ్చు ముట్టుకుంటే చురుక్కుమంది. ఫాల్స్ సీలింగ్ విప్పించి చూస్తే పైన శ్లాబు పెచ్చులు పెచ్చులుగా వేలాడుతోంది, ఇనుప చువ్వలు తుప్పు పట్టి పొరలుగా రాలుతున్నాయి. పై ఫ్లాటు బాత్రూం నీళ్లు ఏళ్ల తరబడి అందులోకి దిగుతున్నాయట. మరి మేలో తడి ఎందుకు కనిపించలేదు? పైవాళ్లు వేసవి సెలవులకు ఊరెళ్లారు, అంతే. తాపీమేస్త్రి చూసి "ఇది ఈ ఏటిది కాదు సార్, సీలింగ్ వేయించిందే దీన్ని కప్పడానికి" అన్నాడు.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. సిద్ధాంతి దిక్కులు చూశాడు, లాయరు కాగితాలు చూశాడు, బ్యాంకు వాళ్లు వాళ్ల అప్పు వెనక్కి వస్తుందా లేదా అన్నంతవరకు చూశారు. ఎవరి పని వాళ్లు చేశారు. ఇల్లు ఎలా ఉందో చూడమని మాత్రం మేం ఎవరినీ పిలవలేదు. మూడు నెలలు వెతికిన మనిషినే, నేనూ ఫాల్స్ సీలింగ్ ప్యానెల్ ఒక్కటి కూడా పైకి ఎత్తి చూడలేదు.

ఈ ఏడాది మా బావమరిది విజయవాడలో పాత ఫ్లాటు కోసం తిరుగుతుంటే, ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజు ఇచ్చి వెంట తీసుకెళ్లాం. ఆయన వెనక తిరిగి నేర్చుకున్నవీ, నా అనుభవంతో తెలిసినవీ కలిపి రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. 50 లక్షల ఫ్లాటుకు 3 లక్షల 75 వేలు అక్కడే పోతాయి. ఆ డబ్బు మారుమాట్లాడకుండా కడతాం. ఇంజనీరు ఫీజు అందులో చిన్న ముక్క. అది అడిగేసరికి మాత్రం "అబ్బే, మా మేస్త్రికి చూపిద్దాంలే" అంటాం. మేస్త్రి మంచి పనివాడే, కానీ రిపేరు పని తనకే వస్తుందని తెలిసినవాడు చెప్పే మాటలో ఎంతో కొంత పక్షపాతం ఉంటుంది. బ్రోకరు తెచ్చిన ఇంజనీరు అసలే వద్దు. బేరం కుదిరినా చెడినా తన ఫీజు తనకు వచ్చే మనిషి కావాలి మనకు.

చట్టం చూసుకుంటుందిలే అనుకుంటే అదీ కొంతవరకే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాళ్లు మామూలు శ్రద్ధతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాళ్లు చెప్పాలి. శ్రద్ధగా చూస్తే కనిపించేదే మనం చూసుకోకపోతే ఆ బాధ్యత మన నెత్తిన పడుతుంది. అమ్మినాయనకు ముందే తెలుసని రుజువు చేయడం ఇంకో తలనొప్పి. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ కొత్త ఇళ్లకు బాగా ఉపయోగపడుతుంది. స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడి మనం చెబితే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. నాది 12 ఏళ్ల పాత ఫ్లాటు, ఎవరిని అడగను?

ఎండలో ఒకసారి, వానలో ఒకసారి

ఇంజనీరు గారు చెప్పిన మాటల్లో నాకు బాగా నచ్చింది ఇది. మే నెల చెమ్మను దాస్తుంది, బీటలను బయటపెడుతుంది. జూలై అందుకు తలకిందులు.

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎలా ఉంటుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండాకాలం చేలో నెర్రెల్లో కాలు ఇరుక్కుంటుంది, వాన పడితే అదే నేల ఉబ్బి మూసుకుంటుంది. ఆ నేల మీద పునాది తక్కువ లోతులో వేస్తే ఇల్లు కూడా ఏటా నేలతోపాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. అందుకే ఇలాంటి నేలలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్‌రీమ్డ్ పైల్స్ అనే పద్ధతి తెచ్చింది. అడుగున ఉబ్బెత్తుగా ఉండే స్తంభాలను నేల కదలని లోతు దాకా దింపుతారు. మీరు చూసే ఇల్లు, ముఖ్యంగా ఇండిపెండెంట్ ఇల్లు, ఏ పునాది మీద ఉందో అడగండి. ప్లాను కాగితాలు ఉంటే ఇంజనీరు చేతికివ్వండి.

బీటలన్నీ ఒకటి కావు. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా సన్నటి గీత ఉంటే చాలావరకు రెండు వేర్వేరు పదార్థాలు కలిసే చోట ప్లాస్టరింగ్ విడిపోయి ఉంటుంది, దానికి అంత కంగారు అక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పోయే బీట వేరు. అది పునాది ఒకవైపు కుంగిందనడానికి గుర్తు కావచ్చు. ఏటీఎం కార్డు అంచు అందులో దూరితే ఊరుకోకూడదు. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది బీము అడుగున పొడుగునా పోయే బీట, పక్కన గోధుమరంగు మరక. లోపల చువ్వ తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును బయటికి నెడుతోందని అర్థం. దాని మీద పుట్టీ పూస్తే ఏడాది కూడా ఆగదు.

చెమ్మకు మాత్రం రెండోసారి వెళ్లాల్సిందే. అగ్రిమెంటు గడువు కాస్త పొడిగించుకుని, మొదటి పెద్ద వాన పడిన మర్నాడు గొడుగు వేసుకుని వెళ్లండి. బేరం అంతదాకా ఆగకపోతే ఎండలోనే వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. మేడ మీద నీళ్లు నిలిచి ఎండిన చోట దుమ్ము గుండ్రటి గీతలా మిగులుతుంది, పాచి నల్లగా అట్టకడుతుంది. పిట్టగోడ కాళ్ల దగ్గర, వాటర్ ట్యాంకు అడుగున, పైపు శ్లాబులోకి దిగే చోట చూడండి. లోపల గోడ కింది భాగంలో తెల్లటి ఉప్పు పొడి వేలికి అంటితే నేలలోంచి తడి ఎక్కుతోందన్నమాట. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే, ఆ గోడ దగ్గర ఇంకాసేపు నిలబడండి. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక ప్యానెల్ విప్పి చూపించమని అడగండి. "పాడైపోతుందండీ" అంటే తిరిగి బిగించే ఖర్చు మీరే పెట్టుకోండి.

బాత్రూముకు మంచి పరీక్ష ఉంది. నీళ్లు పోయే కన్నం మూసి, రెండు అంగుళాలు నీళ్లు నింపి 24 గంటలు వదిలేసి, కింది ఫ్లాటు సీలింగ్ చూడాలి. ఇది అందరూ ఒప్పుకోరు. కనీసం కింది ఇంటివాళ్ల తలుపు తట్టి, "అమ్మా, పై బాత్రూం నుంచి ఎప్పుడైనా కారిందా?" అని అడగండి. అపార్ట్‌మెంటు చరిత్ర అంతా బ్రోకరు దగ్గరకంటే వాచ్‌మన్ భార్య దగ్గర ఎక్కువ దొరుకుతుంది.

బుడమేరు తాకిన ఇళ్లు, కొండ కింద ఇళ్లు

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు గ్రౌండ్ ఫ్లోర్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇప్పుడు వాటిలో చాలా వాటికి రంగులు పడ్డాయి, టైల్స్ మారాయి. అక్కడ కొనకూడదని నేను అనను, అక్కడ లక్షల మంది బతుకుతున్నారు, ఇళ్లూ అందుబాటు ధరలో దొరుకుతాయి. అయితే నీళ్లు ఎంతెత్తున వచ్చాయో తెలుసుకుని కొనాలి. తలుపు చట్రాల కింది భాగం ఉబ్బిందా, మీటరు బోర్డు లోపల ఎండిన బురద ఉందా, గోడల్లోని వైర్ల పైపులో ఒండ్రు మిగిలిందా, లిఫ్టు గుంట గోడ మీద నీటి మట్టం గీత ఉందా చూడాలి. సంపులోకి మురుగు చేరి ఉంటే దాన్ని ఎప్పుడు, ఎలా శుభ్రం చేశారో అడగాలి. వైరింగ్ మార్చకుండా రంగు మాత్రమే వేసిన ఇల్లయితే వైరింగ్ ఖర్చు మొత్తం ధరలోంచి తీసేసి మాట్లాడండి.

అంతకు ముందురోజే, ఆగస్టు 31న, విజయవాడలోనే మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. కొండను ఆనుకుని ఇల్లు చూస్తుంటే ఇంటికంటే ముందు దాని వెనక ఉన్న గోడను చూడాలి. ఆ గోడకు నీళ్లు బయటికి వచ్చే కన్నాలు ఉన్నాయా, మూసుకుపోయాయా, గోడ కడుపు ముందుకు వచ్చిందా అన్నది ముఖ్యం. ఇది మన కంటితో తేల్చే విషయం కాదు, ఇంజనీరు చూడాల్సిందే.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. 2016 భూకంప కోడ్ పట్టికలో విజయవాడ జోన్ 3లో, అంటే ఓ మోస్తరు ముప్పు ఉన్న ప్రాంతంలో ఉంది. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ వాటికి కింద గోడల్లేకుండా పిల్లర్ల మీదే పార్కింగు ఉంటుంది. అసలే బలహీనమైన అంతస్తు అది. ఇక పైన ప్లానులో లేని పెంట్‌హౌస్ ఒకటి కట్టి ఉంటే ఆ బరువంతా ఆ పిల్లర్ల మీదే. మున్సిపాలిటీ ఆమోదించిన ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో, కళ్లముందు ఎన్ని ఉన్నాయో రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారం కట్టారు, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) అడగండి. పార్కింగులో పిల్లరును చెక్కి పైపు పెట్టినవాళ్లు కూడా కనిపిస్తారు, మా బావమరిది చూసిన మూడో ఫ్లాటులో అదే. ఇంజనీరు గారు లిఫ్టు కూడా ఎక్కకుండా వెనక్కి తిరిగారు.

ఇంజనీరు ఏం చేస్తాడు?

రెండు బెడ్‌రూముల ఫ్లాటుకు మాకు మూడు గంటలు పట్టింది. ఆయన సంచిలో రసమట్టం, టార్చిలైటు, తేమ కొలిచే మీటరు, చిన్న సుత్తి ఉన్నాయి. సుత్తితో టైల్స్ మీద తడుతూ పోతే కొన్నిచోట్ల డొల్ల శబ్దం వచ్చింది. కొందరి దగ్గర థర్మల్ కెమెరా ఉంటుంది, తడి ఉన్న చోటు చుట్టుపక్కలకంటే చల్లగా ఉండి వేరే రంగులో కనిపిస్తుంది. భవనం పాతదై అనుమానం గట్టిగా ఉంటే కాంక్రీటు గట్టిదనం తెలుసుకోవడానికి రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయిస్తారు. ఇంకోటి నాకు భలే అనిపించింది. కాంక్రీటును కాస్త చెక్కి ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. కాంక్రీటు ఆరోగ్యంగా ఉంటే ముదురు గులాబీ రంగు తిరుగుతుంది. రంగు మారకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలిదాకా వెళ్లి, చువ్వకు ఉండాల్సిన రక్షణ పోయిందని లెక్క.

కరెంటు పరీక్ష మాత్రం ఏ ఇంటికైనా తప్పదు. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉందా, దాని మీద టెస్ట్ బటన్ నొక్కితే ఠక్కున పడిపోతోందా? ఎర్తింగ్ నిజంగా ఉందా, లేక సాకెట్లో మూడో కన్నం అలంకారానికేనా? నా ఇంట్లో అలంకారానికే. ఏసీలు, గీజరు, గ్రైండరు అన్నీ ఒకేసారి వేసి పావుగంట ఉంచి చూడండి, అదీ మధ్యాహ్నం రెండింటికి. పై అంతస్తు ఫ్లాటయితే అదే టైములో సీలింగ్ వేడి కూడా తెలుస్తుంది. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టించి ల్యాబులో ఇవ్వండి. తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదని భారతీయ ప్రమాణం.

రిపోర్టు నోటిమాటగా వద్దు. ఫొటోలతో, ఏది వెంటనే చేయించాలి, ఏది ఏడాది ఆగొచ్చు అని విడదీసి రాయించుకోండి. టోకెన్ అడ్వాన్సు ఇచ్చేటప్పుడే "ఇంజనీరు తనిఖీలో పెద్ద లోపం తేలితే అడ్వాన్సు వాపసు" అన్న వాక్యం అగ్రిమెంటులో రాయించండి. కొత్త ఫ్లాటయితే చివరి చెక్కు చేతిలో ఉన్నప్పుడే తనిఖీ పెట్టుకోవాలి. మా బావమరిది చివరికి కొన్న ఇంట్లో కూడా 17 లోపాలు తేలాయి, ఇంటివాళ్లు మర్యాదస్తులు, ధరలో రెండు లక్షలు తగ్గించారు.

దానికి ముందు చూసిన ఇల్లు మాకందరికీ నచ్చింది. ఒక బెడ్‌రూముకు తాళం వేసి ఉంది. "తాళంచెవి మా అబ్బాయి దగ్గరుందండీ, బెంగళూరు నుంచి వచ్చాక చూపిస్తాం" అన్నారు. రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లూ అబ్బాయి రాలేదు. మా బావమరిది మూడోసారి ఫోన్ చేయలేదు.