నాలుగు వేల గేమా, ఆరు వందల గేమా: కొనేముందు ఎలా పోల్చుకోవాలి

బెంగళూరులో పీజీలోనో, ముగ్గురు కలిసి తీసుకున్న ఫ్లాట్‌లోనో ఉండే మన తెలుగువాళ్లకు గేమ్ కొనడమంటే డబ్బు ఒక్కటే లెక్క కాదు. లాప్‌టాప్ మోయగలదా, వైఫై దించగలదా, ఆఫీసు నుంచి వచ్చాక మిగిలే గంటలో ఆడగలమా అన్నవి కూడా ధరతో పాటు చూసుకోవాలి.

ముందు పేర్ల చిక్కు. పెద్ద పబ్లిషర్ లేకుండా స్వతంత్రంగా చేసే గేములను ఇండీ అని, భారీ బడ్జెట్ గేములను ట్రిపుల్ ఏ అని పిలుస్తారు. ఇండీ అంటే చిన్నది, ట్రిపుల్ ఏ అంటే పెద్దది అనుకుంటే పోలిక మొదట్లోనే తప్పుతుంది. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3ని లేరియన్ స్టూడియోస్ వేరే పబ్లిషర్ లేకుండా సొంతంగా విడుదల చేసింది. కానీ దాని వెనక వందల మంది శ్రమ ఉంది. అదే ఏడాది వచ్చిన డేవ్ ద డైవర్ పిక్సెల్ బొమ్మల గేమే అయినా, చేసింది నెక్సాన్ అనే పెద్ద కొరియా కంపెనీ కింది బృందం. అయినా ద గేమ్ అవార్డ్స్‌లో దానికి ఇండీ విభాగంలో నామినేషన్ వచ్చింది. అందుకే ముద్ర సంగతి వదిలేసి, డబ్బూ శ్రమా ఎక్కువగా దేని మీద పోశారో చూడండి.

అది కనిపెట్టడానికి సులువైన దారి క్రెడిట్స్. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 క్రెడిట్స్ అరగంట దాటుతాయి. నటులు, వాళ్ల కదలికలను గేమ్‌లోకి ఎక్కించే మోషన్ క్యాప్చర్ బృందాలు, బొమ్మలు గీసేవాళ్లు, టెస్టర్లు, దేశదేశాల స్టూడియోలు అందులో ఉంటాయి. ఇలాంటి పనిలో మన ఊరికీ వాటా ఉంది: 1997లో బెంగళూరులో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ విదేశీ స్టూడియోల పెద్ద గేములకు ఆర్ట్ చేసి పేరు తెచ్చుకుంది, 2019లో రెడ్ డెడ్ 2 చేసిన రాక్‌స్టార్ దాన్ని కొనుక్కుంది. దీనికి పూర్తిగా ఎదురు కొసన 2016 నాటి స్టార్‌డ్యూ వ్యాలీ ఉంటుంది. కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు.

మంచులో గుర్రం అడుగుల జాడలు, వందల మంది పాత్రలకు వేర్వేరు గొంతులు కావాలంటే పెద్ద డబ్బే కావాలి, దానికి అడ్డదారి లేదు. చిన్న బృందం బలం ఒకే పనిని అరగదీసి మెరుగు పెట్టడంలో ఉంటుంది. కొండెక్కే ఇండీ గేమ్ సెలెస్ట్‌లో రాయి అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లాక కూడా లిప్తపాటు జంప్ బటన్ పనిచేస్తుంది. ఆ సంగతి ఆడేవాడికి తెలియదు, చెయ్యి తిరిగింది అనిపిస్తుంది. కాబట్టి సెలెస్ట్ బొమ్మల్ని రెడ్ డెడ్ కొండలతో పోల్చకండి. రెండింటిలోనూ కదలిక చేతికి ఎలా తగులుతోంది, ఓడిపోయాక మళ్లీ మొదలవడానికి ఎంతసేపు పడుతోంది, పదో గంటలో కొత్తగా ఏం చేయనిస్తోంది అన్నవి పోల్చండి.

తర్వాత మెషిన్. స్టోర్ పేజీలో రాసే కనీస అవసరాలంటే తరచుగా తక్కువ సెట్టింగ్స్‌లో, సెకనుకు 30 ఫ్రేములతో నడుస్తుందనే అర్థం. మీ గ్రాఫిక్స్ కార్డ్ పేరుతో యూట్యూబ్‌లో వెతికేటప్పుడు లాప్‌టాప్ అన్న మాట తప్పక చేర్చండి. ఒకే నంబరున్న కార్డ్ లాప్‌టాప్‌లో తక్కువ కరెంటుతో నడుస్తుంది కాబట్టి డెస్క్‌టాప్ వీడియో మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. విడిగా కార్డ్ లేకపోయినా స్టార్‌డ్యూ, సెలెస్ట్ హాయిగా ఆడుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌లో మాత్రం ఏ గేమూ ఎక్కించకండి.

వైఫై లెక్కలో చాలామంది పొరబడేది బిట్లకూ బైట్లకూ మధ్య. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, 8 బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్ సెకనుకు దించేది 12.5 మెగాబైట్లే. రెడ్ డెడ్ 2 అడిగే 150 జీబీకి ఆ వేగంతో 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. పీజీలో పదిమంది పంచుకోగా మీకు 10 ఎంబీపీఎస్ దక్కితే 33 గంటలు దాటుతుంది. స్టార్‌డ్యూ అడిగేది 500 మెగాబైట్లు, అదే 10 ఎంబీపీఎస్ మీద 7 నిమిషాల లోపు పని. పెద్ద గేమ్‌కు ప్యాచ్ (తప్పులు దిద్దే అప్‌డేట్) వచ్చినప్పుడు పాత ఫైళ్లను తిరగరాయడానికి అదనపు ఖాళీ కావాలి. డిస్క్ నిండిపోయి ఉంటే అప్‌డేట్ మధ్యలో ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్‌కు వెళ్లి అదనపు డిస్క్ (ఎస్ఎస్‌డీ) కొనాల్సి వస్తే ఆ ఖర్చునూ గేమ్ ధరలో కలపండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా వాడుకోవాల్సింది, గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ ఇచ్చే రిఫండ్: కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల్లోపు ఉండాలి. గేమ్‌ను నడిపే లాంచర్ తెరిచి ఉన్నంతసేపూ, షేడర్లు (వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్నంతసేపూ, మీరు పాత్ర ముక్కు దిద్దుతున్నంతసేపూ ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది. సెట్టింగ్స్‌కు 15 నిమిషాలు, ఆటకు గంటంబావు పెట్టుకుని, 100 నిమిషాలు దాటకముందే తేల్చేయండి. ఇక్కడ పెద్ద గేములతో ఒక ఇబ్బంది ఉంది. రెడ్ డెడ్ 2లో మంచుకొండల మొదటి అధ్యాయానికే దాదాపు రెండు గంటలు పడుతుంది, అసలు ప్రపంచం తెరుచుకునే సరికి రిఫండ్ గడువు దాటిపోతుంది. అలాంటివాటికి వ్యాఖ్యానం లేని వీడియోలో పదో గంట ఆటను ఓ అరగంట చూడటమే మేలు. ఇండీ గేములకు తరచూ ఉచిత డెమో ఉంటుంది, ముందు అది ఆడండి.

ఎప్పుడు కొనాలన్నదీ పెద్ద గేములకూ ఇండీలకూ ఒకటి కాదు. సైబర్‌పంక్ 2077 అనే పెద్ద గేమ్ 2020 డిసెంబర్ 10న వచ్చింది. బగ్‌ల గోలకు వారం తిరగ్గానే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. పెద్ద గేమ్‌కు నెలలు ఆగితే ప్యాచ్‌లూ వస్తాయి, ధరా తగ్గుతుంది. పూర్తికాకముందే అమ్మకానికి పెట్టే ఎర్లీ యాక్సెస్ ఇండీ అయితే చివరి అప్‌డేట్ తేదీ చూసి, ఇవాళ ఉన్న గేమ్‌కే డబ్బు పెట్టండి, రేపటి మాటకు కాదు. హేడీస్ 2018 డిసెంబర్‌లో అలా మొదలై 2020 సెప్టెంబర్‌కు పూర్తయింది, కానీ అన్నీ గట్టెక్కవు.

గంటకు ఎంత పడింది అనే లెక్క వేస్తే, గేమ్ నిడివితో కాకుండా మీరు నిజంగా ఆడే గంటలతో వేయండి. 4,000 రూపాయల గేమ్ 50 గంటలుంటే గంటకు 80 పడినట్టు కనిపిస్తుంది. 15 గంటలకే వదిలేస్తే 267 పడుతుంది. వదిలేస్తారా అన్నదానికి స్టీమ్‌లోనే ఆనవాలుంది: ఏ ఘట్టం ఎంతమంది దాటారో చూపే అచీవ్‌మెంట్స్ పేజీలో, కథ ముగించినవాళ్ల శాతం చూడండి.

చివరగా సేవ్ ఎక్కడ అవుతుందో చూసుకోండి, ఓఆర్‌ఆర్ ట్రాఫిక్ దాటి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరేవారికి ఇది ధరకన్నా ముఖ్యం. స్టార్‌డ్యూలో పాత్ర పడుకుంటేనే సేవ్ అవుతుంది, అక్కడ ఒక రోజంటే మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. హేడీస్‌లో ఒక విడత అరగంట అటూఇటూ. రెడ్ డెడ్ 2లో మిషన్ మధ్యలో సేవ్ చేసుకోనివ్వదు, కాబట్టి కనీసం గంట ఖాళీ ఉన్న శనివారం రాత్రికి దాన్ని ఉంచుకోండి.