హోల్‌సేల్ కరెంటు రేటు కావాలని పెంచారా, నిజంగానే కొరతా: ఎలా చూడాలి

హోల్‌సేల్ రేటు ఒక్కసారిగా ఎగిరితే ఎవరో కంపెనీవాళ్ళు ఆడించారు అనేస్తాం కానీ రేటు ఒక్కటే చూసి ఆ మాట అనకండి, కరెంటు నిజంగా చాలకపోయినా అలాగే ఎగురుతుంది.

చాలా మార్కెట్లలో జనరేటర్ల (కరెంటు తయారుచేసే కంపెనీల) బిడ్లు, అంటే ఇంత రేటుకి ఇస్తామని వాళ్ళు చెప్పేవి, తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి, డిమాండ్ ఎక్కడ తీరుతుందో అక్కడి బిడ్ రేటే అందరికీ ఇస్తారు. అందుకే ముందు గంటగంట డేటా తీసుకుని ఒక్కో కంపెనీని పక్కనపెట్టి చూడండి. డిమాండ్ 1000 మెగావాట్లు, సప్లై 1080, అందులో ఒక కంపెనీది 200 అనుకుందాం. అది లేకపోతే 880, సరిపోదు, అంటే ఆ గంటకి వాళ్ళు పివటల్ సప్లయర్ (వాళ్ళు లేకపోతే డిమాండ్ తీరదు), వాళ్ళు చెప్పిందే రేటు. ఏడాది మార్కెట్ వాటా చూస్తే ఇది అస్సలు కనపడదు, 2000-01లో అమెరికాలోని కాలిఫోర్నియా కరెంటు సంక్షోభంలో ఏ ఒక్క కంపెనీకీ భారీ వాటా లేదు మరి. కరెంటు లైన్లు జామ్ అయి బయటి నుంచి సరిపడా కరెంటు రాని ఏరియాకైతే లెక్క విడిగా వెయ్యాలి.

పెంచగలరు సరే, పెంచితే వాళ్ళకి లాభమా? నాకైతే అసలు కీలకం ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఆ కంపెనీకి మెగావాట్-అవర్ ఖర్చు 20, మార్కెట్ రేటు 30 అనుకోండి, 200 అమ్మితే గంటకి 2000 మిగులుతుంది. రిపేర్ అని చెప్పి 50 మెగావాట్ల యూనిట్ ఆపేస్తే రేటు 60కి పోయిందనుకోండి, అమ్మింది 150 అయినా మిగిలేది 6000! అదే ముందుగానే 180 మెగావాట్లు 30 రేటుకి ఫార్వర్డ్ కాంట్రాక్టులో ఇచ్చేసి ఉంటే, తగ్గిన 30 మెగావాట్లు వాళ్ళే 60 రేటు పెట్టి కొని ఇవ్వాలి, 2000 రావాల్సింది 600 అవుతుంది. కాబట్టి కాంట్రాక్టుల వివరాలు లేకుండా ఎవరినీ తప్పుపట్టకండి.

బిడ్‌ని ఫ్యూయల్ ఖర్చుతో పోల్చేటప్పుడు స్టార్టప్ ఖర్చు (ఆగిన యూనిట్ మళ్ళీ మొదలుపెట్టడానికి అయ్యేది) కూడా కలపండి. హైడ్రో (నీటితో తీసే కరెంటు) వేరే కథ, నీళ్ళు ఫ్రీయే కానీ ఇవాళ వదిలితే రేపు ఉండవు, అందుకని ఎక్కువ బిడ్ వేసినా అది న్యాయమే కావచ్చు.

చివరగా అదే యూనిట్, అదే ఫ్యూయల్ రేటు ఉన్న రోజులు తీసుకుని, పివటల్ అయిన గంటల్లో బిడ్ ఎంత, కాని గంటల్లో ఎంత అని పక్కపక్కన పెట్టండి, బ్రేక్‌డౌన్లు కూడా అలాగే చూడండి. తేడా పదేపదే పివటల్ గంటల్లోనే వస్తుంటే అప్పుడు కరెంటు మార్కెట్‌ని చూసే రెగ్యులేటర్‌కి రాయండి, ఏ గంటలో ఏ యూనిట్ అన్నది కూడా పెట్టి.